ధాత కరువులో మూసి ఉంచిన తలుపు (తెలుగునాట మిషనరీల కాలం: 6వ భాగం)

ఒక మనిషి చేసిన సేవలో స్వార్థం ఉందా లేదా అని తేల్చడం చరిత్ర రాసేవాళ్లకు ఎప్పుడూ చిక్కే. మనసులో ఏముందో కాగితం మీద ఉండదు. ఉన్నా, రాసినవాడు తన గురించి మంచిగానే రాసుకుని ఉంటాడు. గుడికి మాన్యం ఇచ్చిన రాజు తన పుణ్యాన్ని రాతి మీద చెక్కించుకున్నట్టే మిషనరీ కూడా తన త్యాగాన్ని నివేదికలో అచ్చు వేయించుకున్నాడు. వాటిని పట్టుకుని తీర్పు చెబితే అది భజన అవుతుంది. వాటిని బొత్తిగా నమ్మనని భీష్మించుకుంటే అసలు చరిత్రే మిగలదు. ఈ రెంటి మధ్య ఒక దారి ఉందని నా అభిప్రాయం. సేవ చేసిన మనిషికి ఆ సేవ వల్ల రాగల లాభం ఏమిటో ముందు తేల్చుకోవాలి. ఆ లాభం చేతికి అందే దూరంలోకి వచ్చినప్పుడు అతను ఏం చేశాడో చూడాలి. అందుకున్నాడా, ఆగాడా? ఆగితే ఎన్నాళ్లు? ఇది మనసు లోతుల్లోకి దిగి వెతకాల్సిన విషయం కాదు, తేదీల్లోనూ అంకెల్లోనూ దొరికేదే. క్రైస్తవ సేవకు ఈ కొలత పెట్టి చూడటానికి 1876-78 నాటి ఒంగోలుకు మించిన సందర్భం తెలుగుదేశంలో మరొకటి లేదు.

అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోది. గుంటూరు జిల్లాలో కలిసింది 1904లో, ప్రకాశం జిల్లా అయింది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు. ఉత్తరాన కృష్ణా డెల్టా 1832-33 నాటి డొక్కల కరువులో సగం ఖాళీ అయిన సీమే, కానీ 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక దాని రాత మారింది. ఆ కాలువ నీళ్లు ఒంగోలు మెట్టకు రాలేదు. ఇక్కడి సేద్యం వానమీదా, చెరువులమీదా, కపిల బావులమీదా. 1876లో నైరుతి దెబ్బ తిన్నది, వెనకనే రావలసిన ఈశాన్యమూ రాలేదు. తెలుగు సంవత్సరాల్లో అది ధాత. ధాత కరువు అన్న మాట చాలాకాలం జనం నోట్లో నానింది. మరుసటి ఏడు ఈశ్వరలోనూ తెరిపి లేదు. దక్షిణ భారతమంతా కలిపి చనిపోయినవాళ్లు తక్కువ అంచనాల్లో కూడా 50 లక్షలు దాటుతారు. కరువు ముదురుతున్న వేళే, 1877 జనవరి 1న, వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో విక్టోరియా రాణికి చక్రవర్తిని బిరుదునిచ్చే దర్బారు జరిపాడు. ఖర్చు తగ్గించమని మద్రాసు ప్రెసిడెన్సీకి ఆయన పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం లెక్కన కూలి కుదించాడు. మట్టి మోసే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదిరించాడు. పై అధికారుల మధ్య ఈ వాదులాట సాగుతుండగానే కాలవ గట్ల మీద జనం రాలిపోతున్నారు.

అన్ని కులాలనూ కరువు ఒకేలా కొట్టలేదు. మాదిగల బతుకు గొడ్డుతో ముడిపడింది. చెప్పులు కుట్టడం, కపిల బావులకు తోలు బానలు చేసిపెట్టడం, రైతు కళ్లంలో తమ వాటా ధాన్యం, అంటే మేర తీసుకోవడం. చేలు ఎండి, బావులు ఎండి, పశువులు చచ్చాక బాన కావలసినవాడు లేడు, మేర కొలిచే కళ్లమూ లేదు. కరువు పనులకు వెళితే అక్కడ మేస్త్రీలూ లెక్కలు రాసేవాళ్లూ పై కులాలవాళ్లు. తవ్విన గుంట కొలతలో కోత, కూలిలో కోత, వీటికి తోడు ఊళ్లో అలవాటైన తిట్లు. సర్కారు పెట్టిన తిండి వాళ్లదాకా వచ్చేసరికి మరింత చిక్కిపోయేది.

ఇక్కడ జాన్ ఎవరెట్ క్లౌ కథలోకి వస్తాడు. 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టినవాడు, కుర్రతనంలో అమెరికా పశ్చిమాన సర్వే బృందంతో తిరిగి భూమి కొలతలు నేర్చినవాడు. 1865లో నెల్లూరు చేరి, 1866లో ఒంగోలుకు మారాడు. ఆయన వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ అప్పటికి 30 ఏళ్లుగా తెలుగువాళ్లలో పనిచేస్తూ లెక్కపెట్టదగ్గ ఫలితమేదీ చూపించలేకపోయింది. దాన్ని మూసేద్దామా అన్న చర్చ అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు సభ్యులు 8 మంది. ఈ అంకెను పాఠకులు గుర్తుంచుకోవాలి. స్వదేశంలో చందాలిచ్చే సంఘాలకు పంపే నివేదికలో నింపడానికి అంకెలు కావలసిన మనిషి క్లౌ. ఆయనకు రాగల లాభం డబ్బు కాదు, భూమి కాదు. బాప్తిస్మాల లెక్కే ఆయన లాభం.

ఆ లాభాన్ని వదులుకోవలసిన మొదటి సందర్భం కరువుకు ముందే వచ్చింది. ఒంగోలు బ్రాహ్మణులూ కోమట్లూ కొందరు తొలిరోజుల్లో ఈ కొత్త దొర పట్ల ఆసక్తి చూపారు, పిల్లల్ని చదువుకు పంపారు. అదే సమయంలో తాళ్ళకొండపాడు నుంచి యర్రగుంట్ల పేరయ్య వచ్చాడు. ఆయన మాదిగ. రాజయోగ మార్గంలో సాధన చేసి, తన వెనక శిష్యుల్నీ సంపాదించుకున్నవాడు. 1866లో ఆయనా భార్య నాగమ్మా బాప్తిస్మం తీసుకున్నారు. వెంటనే ఊరి పెద్దలు స్పష్టంగా చెప్పేశారు: మాదిగల్ని చేర్చుకుంటే మేం రాం. పలుకుబడి, బడికి పిల్లలు, ఊళ్లో గౌరవం అన్నీ ఒకవైపు. చచ్చిన గొడ్డును తింటారని ఊరు వెలివేసిన జనం రెండోవైపు. క్లౌ దంపతులు రెండోవైపే నిలబడ్డారు. ఆ రోజు ఆయనా భార్య హ్యారియెట్టూ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే చోటు తగిలిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. ఆ యాదృచ్ఛికాన్ని నమ్మాలా వద్దా అన్నది పాఠకుల ఇష్టం. బడి నుంచి పిల్లలు వెళ్లిపోయారన్నది మాత్రం దేవుడి ప్రమేయం లేకుండానే జరిగిన పని.

కరువు వచ్చాక క్లౌ చేసిన పనిని అన్నదానం అనుకుంటే పొరపాటు. మద్రాసు నుంచి ఉత్తరాన కృష్ణా కాలువలదాకా సముద్రం పక్కనే సాగే ఉప్పుకాలువను కరువు పని కింద పొడిగిస్తున్నారు. 1878లో అప్పటి గవర్నరు పేరు మీద దానికి బకింగ్‌హామ్ కాలువ అని పేరు పెట్టారు. అందులో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని క్లౌ కంట్రాక్టుకు తీసుకున్నాడు. చిన్ననాడు నేర్చిన కొలతల విద్య ఇక్కడ అక్కరకొచ్చింది. రాజుపాలెం దగ్గర మకాం వేసి, తాటాకు గుడిసెలు కట్టించి, తన తెలుగు బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. ఇందులో ఉన్న తెలివిని గమనించాలి. మేస్త్రీ మాదిగ అయితే, తవ్వేవాడూ మాదిగ అయితే, కొలతలో మోసం చేసి తిట్టే ఆ పాత యంత్రాంగం మొత్తం ఒక్క దెబ్బతో పోతుంది. కంట్రాక్టు మీద తాను లాభం చూసుకోలేదనీ, అందువల్ల మంచి కూలి ఇవ్వగలిగాననీ ఆయన రాసుకున్నాడు. ఈ మాటకు ఆయనే సాక్షి, ఆయనే వాది కాబట్టి దాన్ని అలాగే మింగేయనవసరం లేదు. కానీ చుట్టుపక్కల తాలూకాల నుంచి జనం మిగతా మకాములను దాటుకుని ఈ మకాం వెతుక్కుంటూ వచ్చారు. కూలికి వచ్చే మనిషి ఏ గట్టున ఎంత దొరుకుతుందో తెలియకుండా నడవడు. కలరా సోకి మకాంలో మనుషులు పోతున్నా జనం అక్కణ్ణి వదలలేదు.

ఇప్పుడు అసలు విషయం. తట్టలు దించి సేద తీరే వేళల్లో బోధకులు సువార్త చెప్పేవారు. భారం మోసేవాళ్లను ఉద్దేశించి మత్తయి సువార్త 11వ అధ్యాయంలో ఉన్న పిలుపు మట్టి మోసేవాళ్లకు బాగా నచ్చి, మళ్లీ మళ్లీ చెప్పించుకునేవారట. చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కరువు సాయం నడిచినంత కాలం ఎవరికీ ఇవ్వవద్దని కట్టడి చేశాడు. 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, 15 నెలలు, ఒంగోలు మిషన్‌లో ఒక్క బాప్తిస్మమూ జరగలేదు. మిషన్ చరిత్రలో ఎన్నడూ లేనంత మంది తలుపు దగ్గర నిలబడి ఉన్న 15 నెలలవి. 8 మందితో మొదలుపెట్టిన మనిషి, అంకెల కోసం నిలదీస్తున్న దేశం నుంచి వచ్చిన మనిషి, అంకెలు తేరగా వస్తున్నప్పుడు తలుపు మూశాడు. నేను పెట్టుకున్న కొలత ప్రకారం ఇది నిస్వార్థమే. ఆయన మనసు ఎలాంటిదన్నది వేరే సంగతి, ఆయన పని అలాంటిది.

తలుపు తెరిచాక ఏం జరిగిందో చాలామందికి తెలుసు. 1878 జూన్ నాటికి కరువు పని ముగిసింది, పంచడానికి మిషన్ చేతిలో ఏమీ లేదు. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో జనం చేరినప్పుడు ఇక సాయం దొరకదని క్లౌ ముందే చెప్పాడు. మాకు సాయం అక్కర్లేదని వాళ్లన్నారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజుల్లో 3,536 మంది ఆ ఏట్లో బాప్తిస్మం పొందారు. 2,222 అన్న అంకె అమెరికా బాప్టిస్టుల ఇళ్లలో మారుమోగిపోయింది. దానికంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఇంకో చిన్న వివరం. ఆ రోజు నీళ్లలో దిగింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ ఆ పనంతా చేశారు. ప్రపంచం తన పేరు మీద లెక్క రాసుకోబోయే రోజున ఆయన ఒడ్డున ఉన్నాడు.

దీనిమీద వచ్చే మొదటి ఆక్షేపణ అందరికీ తెలిసిందే. అన్నం కోసం మతం మారారు, గింజల క్రైస్తవులు. ఆ మాట అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. అన్నవాళ్లలో తోటి మిషనరీలు కూడా ఉన్నారు. అంతమందిని ఒకేసారి చేర్చుకుంటే విచారణ ఎక్కడ జరిగినట్టని వాళ్లు నిలదీశారు. ఆ ప్రశ్నలో న్యాయముంది. ఒక్కొక్కరి నమ్మకాన్నీ అడిగి తెలుసుకునే వ్యవధి ఆ మూడు రోజుల్లో లేదు. పల్లె బోధకుల మాట మీదే చాలావరకు నడిచింది. అయితే గింజల వాదం నిజమైతే రెండు విషయాలు జరిగి ఉండాలి. జనం గింజలున్నప్పుడు చేరాలి, గింజలు పోయాక జారుకోవాలి. జరిగింది తలకిందులు. గింజలున్నప్పుడు చేర్చుకోలేదు, పోయాక చేరారు. పంటలు మళ్లీ పండిన తర్వాత ఆ సంఘం కుదించుకుపోకపోగా, 1880ల తొలి ఏళ్లలోనే 20,000 దాటింది. ఏ వాదమైనా వాస్తవాల ముందు నిలబడాలి కదా.

రెండో ఆక్షేపణ ఇంకొంచెం పదునైనది. ఆపడం కూడా ఒక ఎత్తుగడే కదా, గింజల క్రైస్తవులన్న నింద తప్పించుకోవడానికే ఆగాడు కదా అని. అయి ఉండవచ్చు. ముందుచూపు ఉన్నంత మాత్రాన త్యాగం త్యాగం కాకుండా పోదు. 15 నెలల్లో ఆ జనం కలరాతో పోవచ్చు, వేరే తాలూకాలకు వలసపోవచ్చు, మనసు మార్చుకోవచ్చు. తిరిగి వస్తారన్న పూచీ ఎవరూ ఇవ్వలేదు. పూచీ లేనప్పుడు వదులుకున్నది పెట్టుబడి అనిపించుకోదు. అయినా ఈ ఆక్షేపణలో ఒక ముక్కను నేను ఒప్పుకుంటాను. ఆకలితో ఉన్న మనిషికి కూలీ ఇచ్చి, ఆ కూలీ ఇచ్చే చోటే బోధ చెబితే, ఆ బోధ వెనక కృతజ్ఞత బరువు ఉంటుంది. బాప్తిస్మం ఆపగలిగాడు గానీ ఆ బరువును ఆయన తీసేయలేకపోయాడు. తీసేయాలనీ అనుకోలేదు. సువార్త చెప్పడానికే వచ్చానని ఆయన ఎన్నడూ దాచుకోలేదు. సేవనూ ప్రచారాన్నీ పూర్తిగా విడదీసిన మనిషి కోసం వెతికేవాళ్లకు క్లౌ దొరకడు. సేవను బేరం కాకుండా కాపాడుకున్న మనిషి మాత్రం దొరుకుతాడు.

మూడోది నా దృష్టిలో వీటన్నిటికంటే బరువైనది. దొరది త్యాగమేమిటి, ఆయనకు బంగళా ఉంది, జీతముంది, జబ్బుచేస్తే అమెరికా వెళ్లే ఓడ ఉంది. నిజమే. ఇంతవరకు రాసిన చరిత్రలు క్లౌ చుట్టూ తిరగడానికి కారణం ఆయనకు రాసే చేయి తోడుండటం. రెండో భార్య ఎమ్మా రౌషన్‌బుష్ 1899లో మాదిగ బోధకుల కథలను పుస్తకంగా తెచ్చింది, ఆయన చెప్పిన ఆత్మకథను ఆయన పోయాక 1914లో అచ్చు వేయించింది. ఆమె రాసిన మొదటి పుస్తకాన్ని జాగ్రత్తగా చదివితే బరువు మోసినవాళ్లు ఎవరో తెలుస్తుంది. పేరయ్యలాంటివాళ్లు పల్లె నుంచి పల్లెకు కాలినడకన తిరిగారు. కొత్తగా చేరినవాళ్లు ఆదివారం వెట్టికి రాం, జాతర్లో డప్పు కొట్టం, చచ్చిన గొడ్డును తినం అన్నారు. కరణాలూ మునసబులూ ఊరుకోలేదు. బావి కట్టడి, కళ్లంలో మేర కట్, దెబ్బలు, దొంగ కేసులు. ఆ దెబ్బలు బంగళాదాకా రాలేదు. కాలువ మకాంలో మేస్త్రీలైన ఈ బోధకులకు తోటి కూలీలను పిండుకునే అవకాశం చేతిలోనే ఉంది. పక్క మకాముల్లో అది రోజూ జరుగుతున్న తంతు. క్లౌ మకాంకు మంచి పేరు నిలిచిందంటే ఆ అవకాశాన్ని వాడుకోనివాళ్లు వీళ్లే. తన పొట్టే నిండని మనిషి పక్కవాడి కూలిలో చెయ్యి పెట్టకపోవడం, నేను పెట్టుకున్న కొలతకు దొరవల్ల అయిన త్యాగం కంటే బాగా సరిపోతుంది.

కరువు ఒక అసాధారణ సమయం, మామూలు రోజుల్లో ఈ కొలత నిలుస్తుందా అని అడగవచ్చు. గుంటూరు చూడండి. 1883లో అక్కడికి వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్‌ది లూథరన్ మిషన్. ఫిలడెల్ఫియాలో వైద్యం చదివినా ఆమెను మొదట పంపింది ఇళ్లలోని ఆడవాళ్లకు చదువు చెప్పే పనికి. వైద్య మిషనరీగా గుర్తింపు రావడానికి రెండేళ్లు పట్టింది. మగ వైద్యుడికి చెయ్యి కూడా చూపించని అగ్రకుల స్త్రీలకు ఆమె కాన్పులు చేసింది, 1890ల చివరికి ఆడవాళ్ల ఆసుపత్రి తెరిచింది. ఆ స్త్రీలలో ఎక్కువమంది వైద్యం చేయించుకుని, తమ మతంలోనే ఇంటికి తిరిగి వెళ్లినవాళ్లు. బాప్తిస్మాల లెక్కలో చూస్తే అది నష్టాల పద్దు. ఆమె 1930లో గుంటూరులో చనిపోయేదాకా ఆ పద్దు మూయలేదు. ఆసుపత్రికి వచ్చే రోగుల బంధువులు బస చేయడానికి సత్రం కట్టించిన ఏలూరు జమీందారు భుజంగరావు హిందువు. తన ఇంటివాళ్లకు వైద్యం చేసినందుకు కృతజ్ఞతగా కట్టించాడు, తన మతం మార్చుకోలేదు, ఆమె మార్చమని షరతు పెట్టలేదు. నాలుగైదు దశాబ్దాలు ఫలితం రాని చోట పనిచేయడం ఎత్తుగడ అనేవాళ్లు ఆ ఎత్తుగడలో గెలుపు ఎక్కడుందో చూపించాలి.

క్రైస్తవులకే సేవ తెలుసునని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అదే కాలంలో గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ వచ్చినవాళ్లందరికీ ఏ ఆశా లేకుండా అన్నం పెట్టింది. ఒంగోలు నుంచి తీసుకోవలసిన విషయం వేరు. అక్కడ సేవ దానం రూపంలో రాలేదు, న్యాయమైన కొలత, చేతికి పూర్తి కూలి, తన కులంవాడే మేస్త్రీ, ఇలా వచ్చింది. తీసుకున్నవాడు తలవంచవలసిన అవసరం రాలేదు. కొండమీద ప్రసంగంలో ఏసు రహస్యంగా దానం చేయమన్నాడని తరచూ గుర్తుచేస్తారు. రహస్యంగా ఇచ్చినా తీసుకున్నవాడికి ఇచ్చినవాడు గుర్తుంటాడు. కష్టానికి కూలిగా ఇచ్చినప్పుడు ఆ బాకీ పుట్టదు. ఇది క్లౌ వేదాంత గ్రంథం చదివి కనిపెట్టింది కాదు. వేలమందికి తిండి కావాలి, మిషన్ దగ్గర అంత డబ్బు లేదు, కాలువ పని ఉంది. అవసరం నేర్పిన పద్ధతి అది. మిషన్ నివేదికలు తర్వాత దాన్ని దైవ ప్రణాళికగా రాసుకున్నా, నాకు మాత్రం అది కొలతలు తెలిసిన మనిషి చేసిన సూటి లెక్కలాగే కనిపిస్తుంది.

క్లౌ 1910లో అమెరికాలో చనిపోయాడు. ఒంగోలులో ఆసుపత్రికి ఆయన పేరుంది. గుండ్లకమ్మ నీళ్లలో నిలబడి 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన ఆ ఆరుగురి పేర్లు ఒంగోలు క్రైస్తవుల్లోనే ఎంతమందికి తెలుసునంటే జవాబు సంతోషం కలిగించేది కాదు. ప్రకాశం, గుంటూరు జిల్లాల పాత సంఘాల్లో తాతల నాటి రిజిస్టర్లు, బోధకుల జీతాల పద్దులు, ఇంట్లో పెద్దలు చెప్పే వలస కథలు ఇంకా కొన్ని మిగిలే ఉంటాయి. వాటిని పారేయకముందే ఎత్తి రాసి పెట్టండి. క్లౌ కథ రాయడానికి అచ్చు పుస్తకాలు చాలు. పేరయ్యల కథకు ఆ కాగితాలే దిక్కు.